"నీళ్లూ కొండా" అంటే ఊరు: నవాట్ల్ జంట మాటల గురించి

ప్రశ్న: అజ్టెక్‌ల భాషలో ఊరిని "నీరు, కొండ" అంటారని ఎక్కడో చదివాను. ఇది మన ద్వంద్వ సమాసం లాంటిదేనా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: చూడ్డానికి ద్వంద్వంలాగే ఉంటుంది కానీ కాదండీ. రామలక్ష్మణులు అన్నప్పుడు రాముడూ ఉంటాడు, లక్ష్మణుడూ ఉంటాడు. అజ్టెక్‌ల భాష నవాట్ల్‌లో "ఇన్ ఆట్ల్ ఇన్ తెపెట్ల్" (ఆట్ల్ నీరు, తెపెట్ల్ కొండ) అన్నప్పుడు మాట నీటి గురించీ కాదు, కొండ గురించీ కాదు. రెండు పేర్లూ పక్కపక్కన నిలబడి మూడోదాన్ని చూపిస్తాయి. అంటే రూపం ద్వంద్వానిది, అర్థం పోయే దారి బహువ్రీహిది.

మన వ్యాకరణ గ్రంథాల్లో కంటే ఇంట్లో మాట్లాడే తెలుగులో వెతికితే దీనికి సరిజోడు దొరుకుతుంది. "పసుపు కుంకుమలతో చల్లగా ఉండు" అని దీవిస్తే అక్కడ పసుపు కొమ్ములూ కుంకుమ భరిణా ఎవరికీ గుర్తు రావు, ఐదవతనమే వినిపిస్తుంది. "ఉప్పూ కారం తినడంలేదా నువ్వు?" అంటే అడుగుతున్నది పౌరుషం గురించి. నవాట్ల్ కవులూ పెద్దలూ ఇలాంటి జంటలతోనే సభల్లో మాట్లాడేవారు. ఈ అలంకారానికి "దిఫ్రాసిస్మో" అని పేరు పెట్టినవారు మెక్సికో పండితుడు ఆంఖెల్ మరీయా గరిబాయ్.

కొన్ని చూడండి. "బాణం, డాలు" అంటే యుద్ధం. "పావడా, రవిక" అంటే ఆడమనిషి. "నల్ల సిరా, ఎర్ర సిరా" అంటే రాతా, ఆ రాతలో ఉన్న జ్ఞానమూ. వాళ్ల బొమ్మల పుస్తకాల్లో గీతలు నలుపు, రంగుల్లో ఎరుపు ముఖ్యం కదా. "చాప, పీట" అంటే అధికారం. కోడెక్స్ మెండోసా అనే వాళ్ల బొమ్మల పుస్తకంలో రాజుల బొమ్మలు చూస్తే ఇది అలంకారమని కూడా అనిపించదు: ఒక్కో రాజూ అల్లిన ఆసనం మీద కూర్చుని ఉంటాడు, నోటి ముందు చిన్న చుట్ట గీసి ఉంటుంది. ఆ చుట్ట మాటకు గుర్తు. రాజుకు వాళ్లు పెట్టుకున్న పేరు "త్లతోఆని", మాట్లాడేవాడు అని. నాకు వీటన్నిట్లోకీ ఇష్టమైనది "పువ్వు, పాట" (షోచిట్ల్, క్వీకట్ల్): కవిత్వం.

ఇక మీరడిగిన నీళ్లూ కొండా. రెండూ కలిసి "అల్తెపెట్ల్" అనే ఒకే మాట కూడా అయింది. ఊరు అని మనం అనువదిస్తే చిన్నదైపోతుంది. సొంత పాలకుడు, సొంత దేవుడు, సొంత నేల ఉన్న జనం అది. 1325లో కట్టారని చెప్పే అజ్టెక్‌ల రాజధాని టెనోచ్‌టిట్లాన్ టెష్కోకో సరస్సులో ఒక దీవి. చుట్టూ నీళ్లే, కానీ తాగే నీళ్లు చపుల్తెపెక్ (మిడతల కొండ) ఊటల నుంచి కాలువ మీద రావాలి. ఆ కాలువకు రెండు పాయలు: ఒకదాన్ని శుభ్రం చేస్తుంటే రెండోదాంట్లో నీళ్లు పారేవి. కొండా నీళ్లూ లేకపోతే ఊరు లేదన్న సంగతి వాళ్లకు రోజూ గొంతు తడిపే సంగతి.

ఒకటి మాత్రం మరచిపోకూడదు. ఈ జంటల్లో చాలావాటిని మన దాకా చేర్చినవి 1521లో టెనోచ్‌టిట్లాన్ స్పెయిన్ సేనలకు లొంగిపోయాక రాసిన రాతలు. సహగూన్ అనే స్పెయిన్ క్రైస్తవ (ఫ్రాన్సిస్కన్) సన్యాసి, త్లతెలొల్కో పాఠశాలలో చదివిన నవా (నవాట్ల్ మాట్లాడే) పండితులు కలిసి పెద్దల నోటి ప్రసంగాలను రాసిపెట్టారు. సహగూన్ పేరు అందరికీ తెలుసు, కలం పట్టిన ఆ నవా యువకుల పేర్లు కూడా అంతే గౌరవంగా తలచుకోవాలి: అంతోనియో వలేరియానో, అలోన్సో వేహెరానో, మార్తిన్ హకోబీత, పెద్రో దె సాన్ బువెనవెంతూరా.

ప్రశ్న: మాస్టారూ, మాయా వాళ్ల భాషల్లోనూ, ఇంకాల భాషలోనూ ఇవి ఉన్నాయా?

జవాబు: మాయాలో దండిగా ఉన్నాయమ్మా, పైగా యూరోపియన్లు రావడానికి ఎన్నో శతాబ్దాల ముందు రాతి మీద చెక్కినవి. "తోక్', పకాల్" అంటే చెకుముకి రాయి, డాలు: సైన్యం, యుద్ధం. ఒక రాజు ఓడిపోతే అతని చెకుముకీ డాలూ పడిపోయాయని శాసనాలు రాస్తాయి. క్'ఈచే' మాయాలో "కొండ, మైదానం" అంటే భూలోకం. నవాట్ల్, మాయా వేర్వేరు భాషా కుటుంబాలు. అయినా ఇరుగుపొరుగు సహవాసంతో ఈ పద్ధతి ఆ ప్రాంతమంతా పాకింది.

ఇంకాల క్వెచువా దూరపు నేల, ఆండీస్‌ది. అక్కడ "ఖరివర్మి" అనే మాట ఉంది, మగవాడు–ఆడది కలిపి దంపతులు. ఇది మాత్రం మొదటి ప్రశ్నలో అడిగిన అసలు ద్వంద్వమే, మన ఆలుమగలు లాంటిది. వాళ్లు మగవాణ్ని ముందు పెట్టారు, మనం ఆలిని ముందు పెట్టుకున్నాం.