సెటప్ స్క్రిప్టును రెండోసారి నడిపితే ఎందుకు చెడుతోంది? యాన్సిబుల్‌కు మారడం మంచిదా?

ప్రశ్న

నమస్కారం. గత నెల నా లాప్‌టాప్ డిస్కు పాడైపోయింది. కోడ్ అంతా గిట్‌లో భద్రంగానే ఉంది గానీ, ఉబుంటు 24.04 వేసుకుని నియోవిమ్, టీమక్స్, పైథాన్, నోడ్, డాకర్, తెలుగు టైపింగు కోసం ఐబస్ ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుంటూ పెట్టుకునేసరికి మూడు రోజులు పట్టింది. మళ్లీ ఆ అవస్థ పడకూడదని వీటన్నిటినీ పెట్టే ఒక బాష్ స్క్రిప్టు (టెర్మినల్ కమాండ్ల ఫైలు) రాసుకున్నాను. మొదటిసారి చక్కగా నడిచింది. తర్వాత ఒక ప్యాకేజీ చేర్చి మళ్లీ నడిపితే, బాష్‌ఆర్‌సీ ఫైలులో (టెర్మినల్ తెరిచినప్పుడు నడిచే సెట్టింగుల ఫైలు) పాత్ లైను (ప్రోగ్రాములను ఎక్కడ వెతకాలో చెప్పేది) రెండుసార్లు చేరింది. డాట్‌ఫైల్స్ రిపోలోని (సెట్టింగుల ఫైళ్లు దాచుకున్న గిట్ ఫోల్డరు) ఎన్‌విమ్ (నియోవిమ్ సెట్టింగుల) ఫోల్డరు లోపల ఎన్‌విమ్ అనే పేరుతోనే ఇంకో లింకు పుట్టుకొచ్చింది. ఈ స్క్రిప్టునే సరిదిద్దుకోవాలా, లేక యంత్రాన్ని సిద్ధం చేసే సాధనాలైన యాన్సిబుల్‌కో నిక్స్‌కో మారిపోవాలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మొదటి జవాబు

ముందు ఆ లింకు సంగతి చూద్దామండి, ఎందుకంటే చాలామంది పడే గొయ్యి అదే. లింకులు పెట్టే ఎల్‌ఎన్ కమాండుకు మీరు రెండోదిగా ఇచ్చిన పేరుతో అప్పటికే ఒక ఫోల్డరు గానీ, ఫోల్డరును చూపే లింకు గానీ ఉంటే, ఆ కమాండు ఆ పేరును మార్చదు, దాని లోపలికి వెళ్లి అక్కడ కొత్త లింకు పెడుతుంది. మొదటిసారి ఆ పేరే లేదు కాబట్టి అంతా సరిగ్గా కుదిరింది. రెండోసారికి ఆ పేరు మీ రిపోను చూపిస్తూ ఉంది కాబట్టి కొత్త లింకు నేరుగా రిపోలోకే వెళ్లి కూర్చుంది. ఎస్‌తో పాటు ఎఫ్, ఎన్ ఆప్షన్లు కూడా ఇస్తే పాత లింకు స్థానంలోనే కొత్తది వస్తుంది. అయితే అక్కడ లింకు కాకుండా అసలు ఫోల్డరే ఉంటే ఎన్ కూడా కాపాడదు కాబట్టి, అలాంటిది కనబడితే ముందుగా దాన్ని వేరే పేరుతో పక్కన పెట్టేలా రాసుకోండి.

బాష్‌ఆర్‌సీకి లైను అతికించే ముందు ఆ లైను ఇప్పటికే ఉందా అని గ్రెప్‌తో (ఫైలులో వెతికే కమాండు) చూడవచ్చు. నా మాట వింటే అసలు అతికించడమే మానేసి, ఆ ఫైలు మొత్తాన్ని రిపోలో పెట్టి లింకు చేయండి. అప్పుడు ఎన్‌వీఎమ్ (నోడ్ వెర్షన్లను మార్చుకునే సాధనం) లాంటి ఇన్‌స్టాలర్లు చెప్పకుండా చేర్చే లైన్లు కూడా గిట్ డిఫ్‌లో బయటపడతాయి. నాకు ఇది చాలాసార్లు పనికొచ్చింది.

రెండవ జవాబు

యాన్సిబుల్ విషయానికి వస్తే, అందులో మనం చేయవలసిన పనిని కాక ఉండవలసిన స్థితిని రాస్తాము. "ఈ ప్యాకేజీ ఉండాలి, ఈ ఫైలులో ఈ లైను ఉండాలి" అని చెబితే, ఉన్నదాన్ని ముట్టుకోకుండా లేనిదాన్ని మాత్రమే అది చేర్చుతుంది. రెండోసారి నడిపినప్పుడు చివర వచ్చే లెక్కలో "చేంజ్డ్" సున్నా అని కనిపించడమే మీరు సరిగ్గా రాశారనడానికి గుర్తు. కానీ ఒక్క మనిషి, ఒక్క ఉబుంటు లాప్‌టాప్ అన్నప్పుడు యాన్సిబుల్‌కు సూచనలు రాసే ఆ యామల్ ఫైళ్ల బరువు అనవసరమని నా అభిప్రాయం. నిక్స్ గొప్ప సాధనమే, వెర్షన్లను కచ్చితంగా కట్టిపడేస్తుంది, అయితే దాని భాష నేర్చుకోవడానికి మీరు పోగొట్టుకున్న మూడు రోజుల కంటే ఎక్కువే పడుతుంది.

ప్యాకేజీలకు బాష్, డాట్‌ఫైళ్లకు లింకులు పెట్టే గ్నూ స్టౌ చాలు. ఒక్క జాగ్రత్త: యూజర్ ఖాతా సృష్టించినప్పుడే ఉబుంటు హోమ్‌లో బాష్‌ఆర్‌సీ పెట్టేస్తుంది కాబట్టి, స్టౌ దాన్ని తుడిచివేయకుండా, ఘర్షణ ఉందని చెప్పి ఆగిపోతుంది. ఆ బాష్‌ఆర్‌సీని తొలగించి మళ్లీ నడపండి. అడాప్ట్ ఆప్షన్ వాడితే మాత్రం అక్కడున్న ఫైలే మీ రిపోలోని ఫైలు స్థానంలోకి వచ్చేస్తుంది, కమిట్ చేయకుండా ఉన్న మార్పులు పోతాయి.

మూడవ జవాబు

దయచేసి ఎస్‌ఎస్‌హెచ్ ప్రైవేట్ కీలను, టోకెన్లను ఆ రిపోలో పెట్టకండి. తర్వాత తొలగించినా గిట్ చరిత్రలో అవి అలాగే ఉంటాయి. ప్రతి యంత్రానికీ కొత్త కీ పుట్టించుకోవడమే మేలు.

ఇక, మీ లాప్‌టాప్‌లో స్క్రిప్టు నడిచిందంటే అది సరైనదని అర్థం కాదు, అక్కడ అన్నీ ముందే ఉన్నాయి. ఖాళీ ఉబుంటు డాకర్ కంటైనర్‌లో (మీ లాప్‌టాప్‌లోనే విడిగా నడిచే ఉబుంటు) వరుసగా రెండుసార్లు నడిపి చూడండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. కంటైనర్‌లో మొదటి లైనులోనే ఆగిపోయింది, ఆ ఇమేజ్‌లో సుడో (అడ్మిన్ హక్కులతో నడిపే కమాండు) లేదు. అది పెట్టాక టైమ్‌జోన్ ఏదని అడుగుతూ నిలిచిపోయింది. డెబియన్ ఫ్రంటెండ్‌ను నాన్‌ఇంటరాక్టివ్‌గా (ప్రశ్నలు అడగకుండా) పెడితే ముందుకు కదిలింది. ఇప్పుడు రెండోసారి నడిపినా ఏ ఫైలూ మారడం లేదు. లాప్‌టాప్‌లో మాత్రం ఒకటి మిగిలింది: ఐబస్‌లో ఆర్‌టీఎస్ పద్ధతిని (ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైపు చేసేది) జీసెట్టింగ్స్ కమాండుతో చేర్చినా పైన కీబోర్డుల జాబితాలో కనిపించడం లేదు.

మొదటి జవాబు ఇచ్చినవారు

స్క్రిప్టు మొత్తాన్ని సుడోతో నడుపుతున్నారేమో చూడండి. అలా చేస్తే ఆ సెట్టింగు మీ ఖాతాలో కాక రూట్ ఖాతాలో చేరుతుంది. స్క్రిప్టును మామూలు యూజరుగా నడిపి, లోపల ప్యాకేజీలు పెట్టే ఆప్ట్ లైన్లకు మాత్రమే సుడో పెట్టండి.