శవాసనంలో గాభరాపడేవాళ్లకి ఏం చేయించాలి?

పర్లాకిమిడి దగ్గర, మగాళ్లు వలసపోయిన ఇళ్ల ఆడవాళ్లకి వారానికి 3 రోజులు ఉచితంగా యోగా నేర్పుతున్నాం. 40 నిమిషాల్లో చిక్కంతా చివరి 5 నిమిషాలదే. కళ్లు మూసుకుని వెల్లకిలా పడుకోమంటే కొందరికి గుండెదడ, చెమటలు. కపాలభాతి ముందే తీసేశాం: గబగబా ఊదితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, దాంతో భయం రెట్టింపు. ఇప్పుడు గోడకి వీపు ఆనించి, కళ్లు తెరిచే, 4 అంకెలు పీల్చి 6 అంకెలు వదలడం. ఊపిరి బిగబట్టడం లేదు. తలుపు తీసే ఉంటుంది.

అయినా కొందరికి ఊపిరి లెక్కపెట్టడమే గాభరా. వాళ్ల ధ్యాస దేనిమీద నిలపాలి? నేలకి ఆనిన అరికాళ్ల మీదా, బయటి చప్పుళ్ల మీదా? మందులు మానొద్దని, అవసరమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయమని ఎలాగూ చెబుతున్నాం. ఇలాంటి వాళ్లకి చేయించి చూసినవాళ్లు చెప్పండి.