‘బారిస్టర్ పార్వతీశం’ గంట నాటికగా కుదించడం ఎలా?

భీమవరం కళాభిమాని:
నమస్కారమండి. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి హాస్య నవల ‘బారిస్టర్ పార్వతీశం’ మొదటి భాగాన్ని, అదే మొగల్తూరు కుర్రాడు పార్వతీశం బారిస్టరు చదువుకని సీమకి బయల్దేరే కథని, నాటక పరిషత్తు పోటీ కోసం గంట నాటికగా రాస్తున్నాం. ఎనిమిది మంది నటులు, ఒకటే సెట్టు. మొగల్తూరు, పడవ, నిడదవోలు రైలు, మద్రాసు, కొలంబో, ఓడ, పారిస్, లండన్, ఎడింబరో అన్నీ పెడితే స్క్రిప్టు 58 పేజీలు తేలింది. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. చదివితే నవ్వొచ్చే చోట, ఆడి చూస్తే కుర్రాడు వట్టి వెర్రిబాగులోడిలా కనిపిస్తున్నాడు. ఎక్కడ తప్పు జరుగుతోందంటారు?

తణుకు రంగస్థలం:
మీరు కథనం మొత్తం తీసేసి సంభాషణలే ఉంచినట్టున్నారండి. నవలంతా ‘నేను’ అని సాగుతుంది. చెప్పే పార్వతీశం వేరు, ప్రయాణం చేసే కుర్రాడు వేరు. తన కుర్రతనాన్ని చూసి తనే నవ్వుకుంటున్నాడు కాబట్టే మనం అతనితో కలిసి నవ్వుతాం. ఆ గొంతు పోతే మిగిలేది వెర్రివాడే.

ఇద్దరు నటుల్ని పెట్టండి. పెద్ద పార్వతీశం ఓ మూల పడక్కుర్చీలో ఉంటాడు. అవసరమైనప్పుడు లేచి సరంగుగానో టిక్కెట్టు కలెక్టరుగానో దృశ్యంలోకి వస్తాడు, ఓ నటుడు కలిసొస్తాడు కూడా. అతని మాటలన్నీ కలిపి ఏడెనిమిది నిమిషాలు దాటనివ్వకండి, దాటితే హరికథ అయిపోద్ది.

కుర్రాడు తెలీక ఆడవాళ్ళ టోపీ పెట్టుకునే ఘట్టంలో చాలామంది బోల్తా పడతారు. అది దొరసానుల టోపీ అని ఇవాళ్టి ప్రేక్షకుడికి తెలీదు. ముందే ఓ దొరసాని అలాంటి టోపీతోనే స్టేజీ మీద ఈ చివర్నుంచి ఆ చివరికి నడవాలి. వెడల్పు అంచు, రిబ్బను, పువ్వులు వెనక వరసకి కూడా కనబడాలి. తర్వాత మనవాడు అదే పెట్టుకుని రెండడుగులు వేస్తాడు, జనం నవ్వుతారు, అప్పుడు పెద్దాయన తల పట్టుకుంటే చాలు. ముందే వ్యాఖ్యానం చెప్పారా, నవ్వు చచ్చిపోద్ది.

అమలాపురం నాటకాల పిచ్చి:
58 పేజీలు గంటలో ఎలా పడతాయండీ? పేజీకి నిమిషంన్నర వేసుకున్నా 87 నిమిషాలు. 34 పేజీలకి దించితే 51 నిమిషాలు, మిగతాది నవ్వులకీ దృశ్యాలు మారడానికీ. పడవ, మద్రాసు, ఓడ, ఎడింబరో ఈ నాలుగే ఉంచండి. పారిస్, లండన్ పెద్దాయన నోట రెండు వాక్యాల్లో తేల్చేయండి.

పడవకి రెండు బల్లలు, ఒక వెదురు గెడ చాలు. అవే బల్లలు రైలవుతాయి, ఓడవుతాయి. పడవలో మన యాస చిక్కగా ఉండాలి, ‘ఆయ్’లు అక్కడే దంచుకోండి. ఇంగ్లీషు సంగతికొస్తే, కుర్రాడికి అర్థం కానప్పుడు దొరల పాత్రలు అర్థంలేని గడగడ శబ్దాలు చేయాలి, అర్థమైన ముక్క మాత్రం తెలుగులో వినిపించాలి. ఓడలో నూటికి పది మాటలు తెలుగు, ఎడింబరోకి వచ్చేసరికి తొంభై. కుర్రాడు ఎదిగాడని వేరే డైలాగు రాయక్కర్లేదు.

రాజమండ్రి ప్లీడరు:
హక్కుల మాట మర్చిపోకండి. రచయిత 1973లో పోయారు, కాబట్టి కాపీరైటు ఆ తర్వాత అరవై ఏళ్ళు, అంటే 2033 చివరిదాకా ఉంటుంది. ఔత్సాహిక సమాజం టిక్కెట్టు లేకుండా ఆడే ప్రదర్శనకి చట్టంలో మినహాయింపు ఉంది గానీ, నవలని నాటకంగా మార్చే హక్కు వేరు. వారసుల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

భీమవరం కళాభిమాని:
ధన్యవాదాలండి. పడవకి తెరచాప పెడదామనుకున్నాం, ఆరుబయట స్టేజీ.

తణుకు రంగస్థలం:
వద్దండి. మీ వైపు సముద్రపు గాలికి గుడ్డ టపటపలాడి మైకులో అదే వినిపిస్తుంది. తప్పదనుకుంటే దోమతెర గుడ్డ వాడండి, గాలి దూరిపోద్ది. టోపీకి మాత్రం లోపల ఎలాస్టిక్ కుట్టించండి, నవ్వు రాకముందే ఎగిరిపోగలదు.