డెబ్బై దాటినవారికి భుజం విరిగితే కీలు మార్పిడి అవసరమా?

మారతహళ్ళి వాసి:
74 ఏళ్ళ మా అత్తగారు స్నానాల గదిలో జారిపడడంతో దండచేయి ఎముక భుజం దగ్గర నాలుగు ముక్కలైంది. ఒక సర్జన్ గారు రివర్స్ పద్ధతిలో కీలు మార్చాలన్నారు. మరొకరు చేతిని మెడకు వేలాడదీసే స్లింగ్ కట్టి వ్యాయామాలు చేయిస్తే చాలన్నారు. బెంగళూరులోని మన తెలుగువారిలో ఈ అనుభవం, అవగాహన ఉన్నవారు అభిప్రాయం చెప్పగలరా?

జయనగర పాఠకుడు:
ఆపరేషన్‌కు తొందరపడవద్దు. బ్రిటన్‌లో 250 మందిపై జరిగి 2015లో వెలువడిన ప్రోఫర్ పరిశోధనలో, రెండేళ్ళపాటు గమనించినా ఆపరేషన్ చేయించుకున్నవారికీ స్లింగ్‌తో సరిపెట్టుకున్నవారికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆ వయసులో మత్తుమందు, ఇన్ఫెక్షన్, కీలు జారిపోవడం వంటి ప్రమాదాలను ఊరకే ఎందుకు కొనితెచ్చుకోవాలి?

బన్నేరుఘట్ట రోడ్డు ఫిజియోథెరపిస్టు:
పాఠకుడు గారు చెప్పిన ఫలితం నిజమే కానీ, అది ఈ ప్రశ్నకు జవాబు కాదు. ఆ పరిశోధనలో ఆపరేషన్ జరిగినవారిలో అత్యధికులకు వేసినది ప్లేటు, స్క్రూలు. కీలులో బంతిని, అంటే దండచేయి ఎముక గుండ్రటి తలను మాత్రమే మార్చినది కొద్దిమందికే. ఫ్రాన్స్‌లో పాల్ గ్రామోం 1985లో రూపొందించిన రివర్స్ కీలు తీరే వేరు. బంతి ఉండవలసిన చోట గిన్నెను, గిన్నె ఉండవలసిన చోట బంతిని అమర్చడం వల్ల, కీలును చుట్టి పట్టుకునే రొటేటర్ కఫ్ కండరాలు దెబ్బతిన్నా భుజం పైనుండే డెల్టాయిడ్ కండరమే చేతిని పైకి లేపగలుగుతుంది. నార్వేలో 65 నుంచి 85 ఏళ్ళ 124 మందిపై జరిపి 2020లో ప్రచురించిన పరిశోధనలో, రెండేళ్ళ తర్వాత భుజం పనితీరులో నూటికి సగటున రివర్స్ కీలుకు 68, ప్లేటుకు 54.6 మార్కులు వచ్చాయి. కాబట్టి ప్లేటు, రివర్స్ కీళ్ళ మధ్యనే ఎంచుకోవలసి వస్తే నా మొగ్గు రెండోదానివైపే.

జయనగర పాఠకుడు:
ఆ పోలిక ప్లేటుతో కదా, స్లింగ్‌తో కాదు. 80 దాటినవారిలో రివర్స్ కీలును స్లింగ్‌తో నేరుగా పోల్చి, స్పెయిన్ వైద్యులు 2019లో ప్రచురించిన చిన్న పరిశోధనలో ఏడాది తర్వాత తేడా నామమాత్రమే.

బన్నేరుఘట్ట రోడ్డు ఫిజియోథెరపిస్టు:
అంగీకరిస్తాను. అందుకే వయసొక్కటే చూసి తేల్చకూడదంటాను. ముక్కలు ఎంత పక్కకు జరిగాయో, బంతి భాగం కీలు నుంచి ఊడిందో లేదో సి.టి. స్కాన్‌లో చూడాలి. ఆవిడ ఏ పనులు సొంతంగా చేసుకోవాలనుకుంటున్నారో ఆవిడనే అడగాలి. మన ఇళ్ళలో ఈ ప్రశ్న కొడుకులను అడుగుతారు కానీ పెద్దావిడను అడగరు. రివర్స్ కీలుతో చేయి పైకెత్తి జడ వేసుకోవడం సాధ్యపడవచ్చు గానీ, చేతిని వీపు వెనక్కి తిప్పడం చాలామందికి కష్టంగానే మిగిలిపోతుంది. స్లింగ్‌తో మొదలుపెట్టి నొప్పి తగ్గకపోతే తర్వాతైనా కీలు మార్చవచ్చు. ప్లేటు విఫలమయ్యాక మార్చడం మాత్రం మరింత చిక్కు. ఏ దారి ఎంచుకున్నా నెలల తరబడి వ్యాయామం తప్పదు కనుక, ఔటర్ రింగ్ రోడ్డు రద్దీని దాటి వెళ్ళనక్కరలేని ఫిజియోథెరపీ కేంద్రాన్ని ఇప్పుడే చూసుకోండి.

మారతహళ్ళి వాసి:
సి.టి. స్కాన్ రేపు ఉదయం ఉంది. మా అత్తగారిని ఈ రాత్రికే అడుగుతాను.