చేతిలో ఆ దేశపు నోటే ఉన్నా కాఫీ ఇవ్వలేదు. తప్పెవరిది?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):

మా అత్తయ్య, మావయ్య స్టాక్‌హోమ్‌లో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లొచ్చారు. బయల్దేరే ముందే ఇక్కడ స్వీడిష్ క్రోనాలు మార్చుకున్నారు. ఒకరోజు కొడుకూ కోడలూ ఆఫీసుకు వెళ్లాక ఇద్దరూ అలా నడిచి ఒక కాఫీ షాపుకు వెళ్తే, నోటు తీసుకోం, కార్డే కావాలన్నారట. బస్సులోనూ డబ్బు తీసుకోరు. మావయ్య దగ్గరున్నది పెన్షన్ ఖాతా రూపే కార్డు, అదక్కడ పనిచేయలేదు. షుగర్ మనిషి, ఏమీ తినకుండా ఇంటిదాకా నడిచొచ్చారు.

అక్కడివాళ్లంతా డబ్బు చెల్లించడానికి ఫోన్లో 'స్విష్' అనే యాప్ వాడతారు. దానికి స్వీడన్ బ్యాంకు ఖాతా, ఆ దేశపు గుర్తింపు సంఖ్య ఉండాలి. చుట్టపుచూపుగా వెళ్లినవాళ్లకు అవెక్కడివి? ఆ నోటు అచ్చేసింది వాళ్ల కేంద్ర బ్యాంకు రిక్స్‌బ్యాంకే కదా. నా మాట ఇది: ఎంత క్యాష్‌లెస్ దేశమైనా సరే తిండి, మందులు, బస్సు, టాయిలెట్ ఈ నాలుగింటికి నోటు చెల్లాలి. మీరేమంటారు?

క్యాష్ కౌంటర్ (రాజాం):

అమ్మా, మీ మావయ్యగారు పడ్డ ఇబ్బందికి బాధగానే ఉంది. కానీ తప్పు ఆ దేశానిది అనను. బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి, నాకు తెలిసింది చెప్తాను. స్వీడన్ చట్టంలో నోటు చెల్లుతుందనే ఉంది. కాకపోతే కొనేవాడు, అమ్మేవాడు ఎలా ఒప్పుకుంటే అలా. 'నగదు తీసుకోం' అని ముందే బోర్డు పెట్టిన షాపును ఎవరూ తప్పుపట్టలేరు. అది వాళ్ల పద్ధతి. వెళ్లేవాళ్లమే సర్దుకోవాలి.

మనవాళ్ల చేతుల్లో ఉండే రూపే కార్డుల్లో ఎక్కువ భాగం దేశం లోపల వాడుకోవడానికే. వీసా, మాస్టర్‌కార్డ్ ఉన్నా చాలదు. 2020లో వచ్చిన రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం కొత్త కార్డుల్లో విదేశీ వాడకం మనం ఆన్ చేసేదాకా ఆఫ్‌లోనే ఉంటుంది. ఈ ముక్క చెప్పకుండానే పిల్లలు తల్లిదండ్రులను విమానం ఎక్కించేస్తున్నారు. రెండు వేర్వేరు బ్యాంకుల కార్డులు, వీలైతే విదేశీ డబ్బు ముందే నింపుకునే ఫారెక్స్ కార్డు ఒకటి తీసుకెళ్లాలి, అన్నీ ఒకే పర్సులో పెట్టకూడదు. పిన్ నోటికి రావాలి. మెషిన్ 'రూపాయల్లోనా, క్రోనాల్లోనా' అని అడిగితే క్రోనాలే నొక్కాలి. రూపాయలు నొక్కితే మారకం రేటు మెషిన్ వాళ్లు పెట్టిందే, అది మనకు నష్టం. విదేశీ వాడకానికి రుసుముగా మన బ్యాంకు మామూలుగా 2 నుంచి 3.5 శాతం, దాని మీద జీఎస్టీ ఎలాగూ తీసుకుంటుంది.

ఇంకోటి. ఎవరో ఎప్పుడో వెళ్లొచ్చి మిగుల్చుకున్న క్రోనాలు ఇస్తే తీసుకోకండి. పాత వంద, ఐదువందల నోట్లు 2017 జూన్‌తో చెల్లకుండా పోయాయి.

ఉద్దానం కుర్రోడు (కవిటి):

మాస్టారూ, మీరు చెప్పిన జాగ్రత్తలన్నీ నిజమే. కానీ 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా మీద పడ్డప్పుడు మేమెలా బతికామో గుర్తుందా? కరెంటు లేదు, సెల్ టవర్లు లేవు, ఏటీఎంలు పనిచేయలేదు. ఇంట్లో నోటున్నవాడే బియ్యం, కొవ్వొత్తులు కొన్నాడు. కార్డు ఎన్ని బ్యాంకులదైతే ఏంటి, మెషిన్‌కు కరెంటు ఉండాలి కదా.

స్వీడన్‌కు తుపాను రాలేదు గానీ 2021 జులైలో సైబర్ దాడి వచ్చింది. కోప్ అనే సూపర్ మార్కెట్లలో బిల్లింగ్ కౌంటర్లు ఆగిపోయి వందల దుకాణాలు మూసేశారు. 2024లో అక్కడి ప్రభుత్వం ఇంటింటికీ పుస్తకం పంపింది, యుద్ధమో సంక్షోభమో వస్తే ఏం చేయాలో చెప్పడానికి. ఇంట్లో కొంత నగదు ఉంచుకోమని అందులో ఉంది. మామూలు రోజుల్లో షాపులు నోటు తీసుకోవడం మానేస్తే గల్లాపెట్టెలో చిల్లర ఎక్కడుంటుంది? కష్టమొచ్చిన రోజున ఉన్నట్టుండి ఎలా తీసుకుంటారు? ఊళ్లో వాడకుండా వదిలేసిన నుయ్యి పూడిపోతుంది, నగదూ అంతే.

మా ఊళ్ల నుంచి వెల్డింగ్ పనికి, ఫిట్టర్ పనికి దేశం దాటేవాళ్లు ఎంతమందో. వాళ్లందరి చేతిలో వీసా కార్డు ఉంటుందా?

గంటస్తంభం వర్తకం (విజయనగరం):

కౌంటర్‌కు ఇటువైపు కూర్చునేవాడిగా ఒక మాట. నగదు ఊరికే రాదు. చిల్లర వెతకాలి, దొంగనోటు చూసుకోవాలి, రాత్రి లెక్కపెట్టాలి, బ్యాంకులో కట్టాలి. అక్కడ ఒక్క మనిషితో నడిచే కాఫీ షాపుకు ఇదంతా భారమే. కాబట్టి వద్దనే హక్కు అతనికి ఉండాలి.

అయినా మన దగ్గర మాత్రం? అమెరికా నుంచి వచ్చినవాళ్లు టీ కొట్టు ముందు ఐదువందల నోటు పట్టుకుని నిలబడితే 'చిల్లర లేదు, ఫోన్‌పే చెయ్యండి' అంటున్నాం. విదేశీ నంబరుతో యూపీఐకి 2023లో దారి తెరిచారు, కానీ కొన్ని దేశాల నంబర్లకే, దానికీ ప్రవాస భారతీయులకిచ్చే ఎన్ఆర్ఈ గానీ ఎన్ఆర్ఓ గానీ ఖాతా ఉండాలి. విదేశీయుల కోసం యూపీఐ వన్ వరల్డ్ అని వాలెట్ ఉంది, ఆ సంగతి వచ్చినవాళ్లకు చెప్పేదెవరు? సిరిమానోత్సవం రోజు జనం పోటెత్తితే నెట్ కదలదు. ఆ రోజు నేనూ నోట్లే అడుగుతాను.

బూడితి రాగి:

యూపీఐ విదేశాల్లోనూ పనిచేస్తుందని విన్నాను. అది చాలదా అండీ?

క్యాష్ కౌంటర్ (రాజాం):

భూటాన్, నేపాల్, సింగపూర్, యూఏఈ, శ్రీలంక, మారిషస్ లాంటి చోట్ల ఉందమ్మా, అదీ ఒప్పందం ఉన్న దుకాణాల్లోనే. ఫ్రాన్స్‌లో 2024లో ఈఫిల్ టవర్ టికెట్లతో మొదలుపెట్టారు. స్వీడన్‌కు వెళ్లేవాళ్లు దాన్ని నమ్ముకోవద్దు.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):

మాస్టారూ, కార్డుల జాబితా మా ఇంట్లో అందరికీ పంపించాను. నా వాదన మాత్రం మారలేదు. మనం సిద్ధమై వెళ్లడం వేరు, వాళ్లు దారి మూసేయడం వేరు. చైనా చూడండి. ఫోన్‌తో చెల్లించడంలో ఆ దేశానిదే పెద్ద పేరు. అయినా విదేశీయుల వీసా, మాస్టర్‌కార్డ్‌లను అక్కడి చెల్లింపు యాప్‌లైన అలీపేకి, వీచాట్‌కి కలుపుకోనిస్తున్నారు. నగదు వద్దనడం చట్టవిరుద్ధమని వాళ్ల కేంద్ర బ్యాంకు చెప్తోంది. స్వీడన్ పక్కనున్న నార్వే కూడా, మనిషి కూర్చునే దుకాణంలో నగదుతో కొనే హక్కును 2024 అక్టోబరు 1 నుంచి చట్టంలో గట్టిచేసింది. అంటే ఇది కుదరని పని కాదు, అనుకుంటే చేయొచ్చు.

వర్తకం గారూ, మీ కష్టం కాదనను. అందుకే నేను అన్ని షాపులూ అనలేదు, నాలుగే అన్నాను.

క్యాష్ కౌంటర్ (రాజాం):

మందుల షాపు, బస్సు వరకు ఒప్పుకుంటానమ్మా. రోగం కార్డు చూసుకుని రాదు. కాఫీ షాపు మీద మాత్రం చట్టం పెట్టకూడదు. పక్క వీధిలో ఇంకో షాపు ఉంటుంది.

ఉద్దానం కుర్రోడు (కవిటి):

పక్క వీధి షాపులోనూ అదే బోర్డు ఉంటే ఏం చేయాలి మాస్టారూ? స్టాక్‌హోమ్‌లో జరుగుతున్నది అదే కదా.