బొమ్మల మెగిల్లా: పూరీం నాడు చదవాలా, మ్యూజియంకి ఇచ్చేయాలా?

ఎడిసన్ వాసి
అందరికీ నమస్కారం. మా ఆఫీసులో ఒక యూదు స్నేహితురాలు ఉంది, వాళ్ళ పెద్దలు ఇటలీ నుంచి వచ్చినవాళ్ళు. తరాలుగా వస్తున్న మెగిల్లా ఒకటి వాళ్ళింట్లో ఉంది. మెగిల్లా అంటే మన బైబిల్లో ఉన్న ఎస్తేరు గ్రంథమే, హీబ్రూలో తోలు మీద చేత్తో రాసి చుట్టి పెట్టుకుంటారు. పూరీం అనే యూదుల పండగ రాత్రి ఒకసారి, మర్నాడు పగలు ఒకసారి పైకి చదవాలి. వీళ్ళదానికి అంచుల నిండా రంగుల బొమ్మలున్నాయి. అమ్మగారు పోయాక అన్నాచెల్లెళ్ళ మధ్య పేచీ మొదలైంది. ఈవిడ మ్యూజియంకి ఇచ్చేద్దామంటోంది. అన్నగారేమో ఏటా చదువుతూనే ఉండాలంటున్నాడు. ఇక్కడ పాత రాతప్రతులు తెలిసినవాళ్ళున్నారు కదా, ఏమంటారు?

సిరాబుడ్డి
ఇందులో చర్చ ఏముందండీ? మ్యూజియం. చాలా ఏళ్ళు రాతప్రతుల సంరక్షణలో పనిచేసి చెబుతున్నాను. మెగిల్లా చదివేముందు దాన్ని విప్పి ఉత్తరంలా మడతలు పెట్టడం ఆచారం, కథలోనే దాన్ని లేఖ అన్నారు కాబట్టి. తోలు తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, ఆరితే బిగుస్తుంది. పైనున్న రంగు దానితోపాటు సాగదు. మడిచిన ప్రతిసారీ పెచ్చులూడుతుంది. పైగా పూరీం రోజు ఆ కథలో యూదుల్ని చంపించాలని చూసిన హామాను పేరు వినబడితే చాలు, జనం కాళ్ళు నేలకేసి కొడతారు, గిలకలు తిప్పుతారు, వైన్ తాగుతారు. ఆ గోలలో రంగుల మెగిల్లా విప్పుతారా?

తాటాకు
సిరాబుడ్డి గారూ, చదవడానికి రాసినదాన్ని చదవొద్దంటే ఇక అది ఎందుకు? మా తాతగారి తాళపత్రాలు ఒక లైబ్రరీకి ఇచ్చాం. వైద్యం, జ్యోతిషం, ఇంకా ఏవేవో ఉండేవి. ఇచ్చేటప్పుడు దండ వేసి ఫోటో తీశారు. తర్వాత నేను చూద్దామని వెళితే "పర్మిషన్ లెటర్ తెచ్చుకోండి" అన్నారు. తెచ్చాను. "స్కానింగ్‌లో ఉన్నాయి" అన్నారు. ఇప్పటికీ స్కానింగ్‌లోనే ఉన్నాయట! మా ఇంటి అటక మీద ఉన్నప్పుడు కనీసం దసరాకి దించి పసుపు కుంకుమ పెట్టేవాళ్ళం.

సిరాబుడ్డి
పసుపు కుంకుమే వాటి పాలిట శత్రువు సార్. 

తాటాకు
చూశారా, ఈ ధోరణి. వాడినవాళ్ళంతా పాడుచేసేవాళ్ళే!

గ్రంథాక్షరి
ఒక ప్రశ్న. ఆ అంచు బొమ్మలు చేత్తో వేసినవా, అచ్చు వేసినవా? 1640ల్లో ఆమ్‌స్టర్‌డాంలో షాలోమ్ ఇటాలియా అనే చిత్రకారుడు రాగిరేకుల మీద చెక్కి అంచులు అచ్చు వేసేవాడు. వరుసగా పెద్ద పెద్ద ద్వారాలు, వాటి నడుమ ఎస్తేరు రాణి, ఆవిడ భర్త అహష్వేరోషు రాజు నిలబడి ఉంటారు. ద్వారాల లోపలి ఖాళీలో లేఖకుడు వచనం రాస్తాడు. అలాంటిదైతే అది సగం అచ్చు పుస్తకమే. ఇంత కంగారు అనవసరం.

ఎడిసన్ వాసి
గీత అచ్చులాగే ఉంది గ్రంథాక్షరి గారూ, రంగు మాత్రం తర్వాత చేత్తో అద్దినట్టుంది. వచనం చేతిరాతే.

గ్రంథాక్షరి
అంటే అచ్చే. నేను చెప్పింది అదే.

చిత్రలేఖిని
అచ్చో కాదో ఇక్కడ ప్రశ్నే కాదండీ. నియమాలన్నీ వచనానికే: శుద్ధమైన జంతువు తోలు, నల్ల సిరా, ముందుగా సూదిమొనతో గీసిన గీతలు, చేతిరాత. హామాను పదిమంది కొడుకుల పేర్లు మధ్యలో ఖాళీ వదిలి, ఇటుక మీద ఇటుక పేర్చినట్టు రాయాలి, చదివేటప్పుడు ఒక్క ఊపిరిలో చదవాలి. బొమ్మల మెగిల్లాల్లో చాలామంది ఆ పక్కనే వాళ్ళని వేలాడదీసిన ఉరికంబం గీసి ముచ్చట తీర్చుకున్నారు. తోరా, అంటే యూదుల ధర్మశాస్త్రం, రాసిన చుట్టకి ఇలాంటి అలంకారం ఊహించలేం. ఎస్తేరులో దేవుడి పేరు ఎక్కడా రాదు, అందుకే చిత్రకారులకి ఈ వెసులుబాటు దొరికిందని చాలామంది చెప్పే కారణం.

చేబ్రోలు మనిషి
దేవుడి పేరు లేదా?! చిన్నప్పటి నుంచి సండేస్కూల్లో ఎస్తేరు చదివాం, ఎవరూ చెప్పలేదే. హిందూదేశం మొదలు కూషు దాకా 127 సంస్థానాలు అని మొదటి వచనంలోనే మన దేశం ఉందని మాత్రం గొప్పగా చెప్పేవారు.

తాటాకు
చిత్రలేఖిని గారు నా మాటే బలపరిచారు. చదవడానికి ఇన్ని నియమాలు పాటించి రాసిన వస్తువు అది. చదవకపోతే ఆ లేఖకుడి కష్టానికి అర్థం ఏముంది?

చిత్రలేఖిని
పూర్తిగా బలపరచలేదండీ. బొమ్మల మెగిల్లాలు ఎక్కువగా కలిగిన కుటుంబాలు సొంతానికి చేయించుకున్నవి. సినగాగ్‌లో, అంటే యూదుల ప్రార్థనా మందిరంలో, అందరి తరఫునా చదివేవాడి చేతిలో సామాన్యంగా బొమ్మల్లేనిదే ఉండేది. ఇంటివాళ్ళు తమ సొంత మెగిల్లా ఒళ్ళో పెట్టుకుని వెంట చూసుకునేవారు. అంటే అన్నగారు "ఏటా చదవాలి" అంటున్నది ఏ రకం చదువో ముందు తేలాలి. ఇంకో మాట. ఏడాది రాసి ఉన్న అలంకృత మెగిల్లాల్లో తెలిసినంతలో మొదటిది 1564లో వెనిస్‌లో ఎస్తెల్లీనా అనే ఆవిడ రాసింది. ఇప్పుడు స్విట్జర్లాండ్‌లో బ్రగిన్‌స్కీ అనే ఆయన సొంత సేకరణలో ఉంది. ఆడవాళ్ళు రాసిన మెగిల్లాతో సినగాగ్‌లో చదవొచ్చా అన్న విషయంలో పండితుల్లో ఇప్పటికీ రెండు మాటలున్నాయి. ఆ ఒక్క మెగిల్లా నిలిచింది కాబట్టే ఇవాళ ఆవిడ పేరు మనకు తెలిసింది.

సిరాబుడ్డి
అదీ! నిలిచింది కాబట్టి.

తాటాకు
ఎవరో డబ్బున్నాయన కొన్నాడు కాబట్టి. ఎస్తెల్లీనా వారసులకి దక్కిందా?

గ్రంథాక్షరి
ఎస్తెల్లీనాది చేత్తో వేసిన అలంకారం. దాన్ని అచ్చు అంచులతో కలపకండి.

చేబ్రోలు మనిషి
గ్రంథాక్షరి అన్నా, ఆ అచ్చు సంగతి వదిలేయ్ అన్నా 🙏

సిరాబుడ్డి
తాటాకు గారూ, మీ తాళపత్రాల సంగతి బాధాకరమే, కాదనను. కానీ ఒక లైబ్రరీ సరిగ్గా పనిచేయలేదని వస్తువుని మడిచి మడిచి చంపేద్దామంటారా? పెళ్ళిపట్టుచీర దాచుకున్నవాళ్ళని "రోజూ కట్టుకో" అని ఎవరూ అనరు కదా.

తాటాకు
చంపేయడం అనే మాట మీది. యూదులకి ఆ భయం లేదు, మీరు కాస్త చదవండి. తోరా చుట్ట పాడైపోతే శ్మశానంలో మర్యాదగా పాతిపెడతారు. వాడకంలో అరిగిపోవడం వాళ్ళకి తప్పు కాదు. మన వినాయకుణ్ణి నిమజ్జనం చేయడం లేదా? దాచి ఉంచడమే గౌరవం అన్నది ఎవరి రూలు? మీ డిపార్ట్‌మెంటు రూలు!

సిరాబుడ్డి
నా డిపార్ట్‌మెంటుని లాగకండి. వాళ్ళు పాతిపెట్టనందుకే కదా ఈజిప్టులో కైరో జెనీజా, అంటే పాత రాతలు పడేసే గదిలోని నిధి, దక్కింది! బెన్ ఎజ్రా సినగాగ్ గదిలో వందల ఏళ్ళ పాటు పాత కాగితాలు, తోళ్ళు పడేశారు. 1896–97లో సోలోమన్ షెక్టర్ వెళ్ళి లక్షన్నరకు పైగా ముక్కలు కేంబ్రిడ్జికి పట్టుకెళ్ళాడు. భారతదేశంతో వ్యాపారం చేసిన యూదుల ఉత్తరాలు అందులోనే దొరికాయి, మలబారు మిరియాల లెక్కలతో సహా. మీ లెక్క ప్రకారం అవన్నీ మట్టిలో కలవాల్సింది. మీ తాతగారి వైద్యం ఆకులు కూడా అటక మీదే చెదపట్టాల్సింది.

తాటాకు
కలిసేవేమో! అవి కలిసిపోవడానికే ఆ గదిలో వేశారు. కేంబ్రిడ్జికి ఉపయోగపడాలని వేయలేదు. మా తాత ఆకులు మా అటక మీద చెదపట్టినా అవి మా ఆకులే అండీ. మీకు అర్థం కానిది అదే. మీ దృష్టిలో వస్తువు మిగిలితే చాలు, ఎవరి దగ్గర, ఎందుకు అన్నది మీకు అనవసరం.

సిరాబుడ్డి
అవును, మిగలాలి! ఇవాళ మీ చేతిలో ఉందని అది మీది ఒక్కరిదే కాదు. మీ మనవడి మనవడు అడిగితే ఏం చెబుతారు? "మాదే కాబట్టి పాడుచేసుకున్నాం" అనా? మా నాన్న మా ఇంటి కాగితాలు ఇలాగే "మన ఇష్టం" అని భోగిమంటలో వేశాడు. అందులో మా ముత్తాత చేతిరాత ఉంది. ఒక్క ముక్క లేదు నా దగ్గర. అందుకే ఈ ఉద్యోగంలోకి వచ్చాను.

ఎడిసన్ వాసి
పెద్దలూ, నేను మా ఫ్రెండ్ వాళ్ళ మెగిల్లా గురించి అడిగాను...

మోడరేటర్
ఇంటి పెద్దల విషయాలు, ఉద్యోగాలు వ్యక్తిగతంగా తీసుకోవద్దు. ఇద్దరికీ ఒకటే మాట.

చేబ్రోలు మనిషి
నేనొకటి చెప్తా, కోపం వద్దు. మా పక్కనే కొత్తరెడ్డిపాలెం. అక్కడ బెనె ఎఫ్రాయిం వాళ్ళున్నారు, తమది ఇశ్రాయేలీయుల్లో ఎఫ్రాయిం గోత్రం అంటారు, 1980ల నుంచి బాహాటంగా యూదు పద్ధతిలో బతుకుతున్నారు. పేదవాళ్ళు, ఎక్కువగా కూలి పనులు. అలాంటిచోట ఎవరైనా మెగిల్లా పంపితే రంగు రాలుతుందని గాజు పెట్టెలో పెడతారా? పూరీం రోజు వినాలంటే తోలు మీద చేత్తో రాసినదే ఉండాలి, అచ్చు బైబిల్ చదివితే లెక్కలోకి రాదు. మీరిద్దరూ ఎవరి ఆస్తి అని కొట్టుకుంటున్నారు. అది లేనివాళ్ళ సంగతేంటి?

చిత్రలేఖిని
మంచి మాట. చదవడానికైతే బొమ్మల్లేనిది ఒకటి కొత్తగా రాయించుకోవచ్చు, లేఖకులు ఇప్పటికీ ఉన్నారు. ఎడిసన్ గారూ, మీ స్నేహితురాలి పేచీ చదువు గురించే అయితే పరిష్కారం అక్కడే ఉంది. అమ్మ ఒళ్ళో చూసిన ఆ మెగిల్లాయే కావాలని అన్నగారికి ఉంటే మాత్రం మ్యూజియం, లేఖకుడు ఇద్దరూ పనికిరారు.

తాటాకు
ఆ అన్నగారి వైపే నేను.

సిరాబుడ్డి
తెలుసు. ఆ మడతల దగ్గర ఫోటోలు తీసి పెట్టమనండి ముందు.

గ్రంథాక్షరి
ఫోటో పెడితే అంచు అచ్చో కాదో నేను చెప్పేస్తాను.

ఎడిసన్ వాసి
ఇవాళే తెలిసింది. మొన్న చెల్లెలు ఊళ్ళో లేనప్పుడు అన్నగారు వచ్చి మెగిల్లా తీసుకెళ్ళిపోయాడట. చదువుతాడో, వేలానికి పెడతాడో చెప్పలేదట. ఆ విషయం ఇక తన దగ్గర ఎత్తొద్దంది.