సమస్యాపూరణం: కోతి కన్న నెలుక కొండ యయ్యె

నిర్వాహకుడు: ఈసారి సమస్య ఆటవెలది నాలుగో పాదం. అసంభవంలా వినిపించే మాటను నిజం చేసి చూపండి. కల్పన అక్కర్లేదు, ప్రకృతిలోనే దారి ఉంది.

పద్యపిపాసి:

వేలు పట్టి కోతి వ్రేలాడు నొకచోట
నీట నీదు నెలుక నిండు మేన
నడవి యొక్కటయ్యు నాకార మిటు మారె
కోతి కన్న నెలుక కొండ యయ్యె

కోతి పిగ్మీ మార్మోసెట్, ఎలుక కాపిబరా. రెండూ దక్షిణ అమెరికావే. కోతి బరువు నూరు గ్రాములకు అటూ ఇటూ. యాభై కిలోల కాపిబరాను తూచాలంటే అవతలి తక్కెడలో ఐదు వందల కోతులు ఎక్కాలి.

సందేహి: కాపిబరాను ఎలుక అనవచ్చునా? అది గినీ పందికి దగ్గరి చుట్టం కదా!

నిర్వాహకుడు: ఎలుకలాగే ముందరి పళ్ళు బ్రతికినంతకాలం పెరిగే జంతువుల వర్గంలోదే. పద్యానికి ఆ చుట్టరికం చాలు. మొదటి పాదంలో వేలికి వ్రేలాడే కోతి కళ్ళకు కట్టింది. ‘నిండు మేన’ మాత్రం పేలవం, ఏనుగుకూ సరిపోతుంది. ‘ఇటు మారె’ గణం నింపడానికి వచ్చిందని దాచలేకపోయారు.

చాటుప్రియ:

బెరడు గొఱికి జిగురు పీల్చెడి కోతికి
నెలుక పళ్ళ బుద్ధి యెవరు నేర్పె
గడ్డి మేసి తానె కొండలా బలిసెనో
కోతి కన్న నెలుక కొండ యయ్యె

నిర్వాహకుడు: భేష్, ఇది అసలు పట్టు! పరిమాణం అందరికీ తోస్తుంది. కోతే ఎలుకలా కొరుకుతుందన్నది మీకే తోచింది. ఆ కోతికి కాలి బొటనవేళ్ళకు తప్ప అన్ని వేళ్ళకూ వాడి గోళ్ళే, మానును పట్టుకుని వ్రేలాడటానికి. చెట్టుకు కన్నం పెట్టి, ఊరిన జిగురును నాకుతుంది. మీ పద్యంలో పీల్చింది, యతి కోసం. పోనీయండి.

మూడో పాదం మాత్రం క్షమించలేను. గ, కొ: హల్లులు కలిసినా అచ్చులు కలవలేదు, యతిభంగం. పైగా ‘కొండ’ను మీరే ముందు ఖర్చు చేస్తే సమస్య పాదానికి ఏం మిగులుతుంది?

చాటుప్రియ: నిజమే, తొందరపడ్డాను. సవరణ:

గడ్డి మేసి తానె ఘనముగా బలిసెనో

సందేహి: కాపిబరా అన్న పేరుకే బ్రెజిల్ ఆదివాసుల టుపీ భాషలో గడ్డి తినేదని అర్థం. ‘గడ్డి మేసి’ తెలిసే వేశారా?

చాటుప్రియ: లేదు. గణానికి సరిపోయిందని వేశాను.

నిర్వాహకుడు: ఆ సంగతి చెప్పకుండా ఉండవలసింది. ఈసారి నా ఓటు మీకే.